పెంపుడు కుక్క రోమాలు – ఇంటివారి శ్వాస

నిరుడు దీపావళికి నాలుగు రోజుల ముందు, ఖానాపూర్‌లోని మా వైద్యశాలకు ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయులు తన మనుమడిని వెంటబెట్టుకొని వచ్చారు. పిల్లవాడికి ఏడేళ్ళు. పగలంతా బాగానే ఆడుకుంటాడు. రాత్రి రెండు, మూడు గంటల వేళ లేచి కూర్చుంటాడు. ఛాతీలో పిల్లికూతలు వినబడతాయి. ముందుకు వంగి కూర్చుంటే గాని ఊపిరి ఆడదు. పట్నంలోని పిల్లల వైద్యులు పీల్చే మందు వ్రాసి ఇచ్చారు. దానితో ఉపశమనం కలుగుతున్నది కాని, వారం తిరగకముందే మళ్ళీ మొదలవుతున్నది.

ఆ ఇంట్లో ఆరేళ్ళుగా ఒక తెల్లని స్పిట్జ్ కుక్క ఉన్నది. పేరు స్వీటీ. మన ప్రాంతంలో అందరూ దానిని పొమేరియన్ అనే పిలుస్తారు. వానలు వెనుకబట్టిన నాటినుండి దాని బొచ్చు దూదివలె ఊడి ఇల్లంతా పరచుకుంటున్నది. మంచం కింద, తలుపు మూల, కూలరు గడ్డిలో, చివరికి అన్నం గిన్నె మీద కూడా. కోడలు విసిగిపోయి, కుక్కనన్నా పంపించండి, నన్నన్నా పుట్టింటికి పంపించండి అన్నదట. ఆమె తల్లి. ఆమె భయం న్యాయమైనదే. బంధువులలో ఒకరు, బండి మీద తీసుకుపోయి కడెం దాటి అడవి అంచున వదిలివద్దామని సలహా చెప్పారు.

ఆయన నావైపు చూసి, "వైద్యులుగారూ, అది నా వెంట తిరిగిన జీవం. వీడు నా ప్రాణం. మీరొక మాట చెప్పుండ్రి" అన్నారు.

ఇటువంటి ప్రశ్న ఈ ఒక్క ఇంటిది కాదు. పట్టణాలలోనే కాదు, మండల కేంద్రాలలో కూడా ఇప్పుడు మధ్యతరగతి ఇళ్ళలో కుక్కలు గడప దాటి లోపలికి వచ్చాయి. మా చిన్నతనంలో కుక్క స్థానం వాకిలి. అది రాల్చిన రోమం గాలికి పోయేది. నేడు దాని స్థానం సోఫా. రోమం పోయే దారి లేదు. కనుక ఈ విషయాన్ని గృహస్థులు, ముఖ్యంగా గృహిణులు, కొంత శాస్త్రీయంగా తెలుసుకోవడం అవసరం.

రోమం రాలడం రోగమా?

కాదు. ప్రతి రోమానికీ పెరిగే కాలం, నిలిచే కాలం, రాలే కాలం అని మూడు దశలు ఉంటాయి. ఆయుర్వేదం కేశ, రోమ, నఖాలను అస్థి ధాతువు యొక్క మలంగా చెప్పింది. మలం అంటే ఇక్కడ అశుద్ధమని కాదు, శరీరం తన పని ముగించుకొని విడిచేదని అర్థం. విడువవలసినదానిని విడువడం ఆరోగ్య లక్షణమే.

కుక్కలలో రోమాలు మార్చుకొనే సమయాన్ని ముఖ్యంగా నిర్ణయించేది పగటి వెలుతురు నిడివి. పగలు పెరిగేటప్పుడు ఒకసారి, తగ్గేటప్పుడు ఒకసారి అవి అధికంగా రాలుస్తాయి. మన లెక్కలో ఇది సుమారుగా ఫాల్గుణ చైత్రాలలోను, ఆశ్వయుజ కార్తికాలలోను వస్తుంది. వాగ్భటాచార్యులు అష్టాంగహృదయంలో ఒక ఋతువు చివరి వారాన్ని, మరుసటి ఋతువు తొలి వారాన్ని కలిపి ఋతుసంధి అన్నారు. ఆ పదునాలుగు రోజులలో శరీరాన్ని మెల్లగా కొత్త కాలానికి అలవాటు చేయాలని మనకు చెప్పారు. కుక్కకు ఆ మార్పు మూడు నుండి ఆరు వారాలు పట్టవచ్చు.

అయితే రాత్రి పది గంటలదాకా దీపాల కింద, చల్లని గదులలో ఉండే కుక్కకు ఋతువు తెలియదు. అందువల్ల అది ఏడాది పొడుగునా కొంచెం కొంచెంగా రాలుస్తూనే ఉంటుంది. స్పిట్జ్, లాబ్రడార్, అల్సేషియన్ వంటి వాటికి పైన గరుకు రోమం, కింద దూది వంటి మెత్తని పొర అని రెండు పొరలు ఉంటాయి. ఇల్లంతా ఎగిరేది ఎక్కువగా ఈ లోపలి పొరే. మన నాటు కుక్కలకు రోమం పొట్టి. అవి కూడా రాలుస్తాయి గాని, ఆ రాలినది అంతగా కంటబడదు. ఆడకుక్కలు ఈనిన తరువాత, ఎదకు వచ్చిన కొంత కాలానికి అదనంగా రాల్చడం కూడా సహజమే.

మనకు పడనిది రోమం కాదు

ఇది పాఠకులు గుర్తుంచుకోవలసిన ముఖ్య విషయం. కుక్క వల్ల కొందరికి తుమ్ములు, కళ్ళ దురద, ఉబ్బసం కలగడానికి కారణం కంటికి కనబడే వెంట్రుక కాదు. కుక్క లాలాజలంలోను, చర్మం నుండి రాలే సన్నని పొట్టులోను ఉండే కొన్ని మాంసకృత్తులు. కుక్క తన ఒళ్ళు నాకుకొన్నప్పుడు ఆ లాలాజలం రోమాలకు అంటి ఆరిపోతుంది. రోమం రాలినప్పుడు దానితోపాటు ఇల్లంతా చేరుతుంది. అంటే రోమం బండి మాత్రమే, బరువు వేరు.

ఇందులోనుండి మూడు సంగతులు తేలుతాయి. మొదటిది, కంటబడిన వెంట్రుకలన్నీ ఏరివేసినంత మాత్రాన పని పూర్తి కాలేదు. పొట్టు కనబడదు, గాలిలో చాలాసేపు తేలుతుంది, పరుపులలో, తెరలలో, గోడలకు కూడా అంటుకొంటుంది. రెండవది, బొచ్చు రాల్చని జాతి కుక్క వల్ల ఏ బాధా ఉండదని అమ్మకందారులు చెప్పే మాట నమ్మదగినది కాదు. 2012లో నెదర్లాండ్స్ పరిశోధకులు అటువంటి పేరున్న జాతులను పరీక్షించి, వాటిలో ఈ పడని పదార్థం తక్కువగా లేదని ప్రకటించారు. మూడవది, కుక్కను పంపివేసిన మరునాడే ఇల్లు మారదు. మిగిలిన పొట్టు నెలల తరబడి ఉంటుంది.

అన్నంలో ఒక కుక్క వెంట్రుక కడుపులోకి పోతే గడ్డ కడుతుందని మన పెద్దలు భయపెడతారు. అది జీర్ణం కాదు, మలంతోపాటు బయటకు పోతుంది, అంతే. అసలు భయపడవలసినది వేరొకటి. కుక్క కడుపులో పురుగులు ఉంటే వాటి గుడ్లు దాని వెనుక భాగపు రోమాలకు అంటి ఉండవచ్చు. కనుక పశువైద్యుని సలహా ప్రకారం క్రమంగా పురుగుల మందు వేయించడం, కుక్కను ముట్టిన పిల్లలు భోజనానికి ముందు సబ్బుతో చేతులు కడగడం తప్పనిసరి.

దువ్వడమే సగం చికిత్స

దువ్వెనలో చిక్కిన వెంట్రుక నేల మీద పడదు. ఇంత సులభమైన సత్యాన్ని చాలా ఇళ్ళలో మరచిపోతారు. మాకు వచ్చే ఫిర్యాదులలో అధిక భాగం ఊడ్చడం గురించే. దువ్వడం గురించి అడిగేవారు అరుదు.

ఋతుసంధి కాలంలో ప్రతిదినం పది, పదిహేను నిమిషాలు, మిగిలిన కాలంలో వారానికి రెండు మూడు సార్లు దువ్వాలి. వాకిట్లో గాని, పెరట్లో గాని, గాలి ఇంటివైపు వీచని చోట కూర్చోవాలి. రెండు పొరల బొచ్చు ఉన్న కుక్కకు దూరపు పళ్ళ లోహపు దువ్వెన, పొట్టి బొచ్చు కుక్కకు బొడిపెలు గల రబ్బరు తొడుగు సరిపోతాయి. తలలో పేలు తీసే ఈర్పెన వాడితే చర్మం గీరుకుపోతుంది. ముందు రోమం వాలిన దిశలోనే దువ్వాలి. చిక్కులు ఉన్నచోట లాగకుండా, వేళ్ళతో విడదీసి, కుదుళ్ళ దగ్గర పట్టుకొని విప్పాలి. చెవుల వెనుక, తొడల వెనుక, తోక మొదట చిక్కులు అధికం. ఆ సమయంలోనే పిడుదులు (గోమార్లు) ఉన్నాయేమో, చర్మం ఎర్రబడిందేమో చూడవచ్చు. ఆ విధంగా దువ్వడం పరీక్ష కూడా అవుతుంది.

దువ్వేవారు ఉబ్బసం లేనివారై ఉండాలి. కండువాతో ముక్కు, నోరు కప్పుకోవాలి. ముగిసిన తరువాత పైబట్టలు మార్చుకొని చేతులు కడుగుకోవాలి. తీసిన రోమాన్ని కాగితంలో చుట్టి చెత్తబుట్టలో వేయాలి. కొందరు పిచ్చుకలు గూళ్ళకు వాడుకుంటాయని దానిని గోడ మీద పెడతారు. మా గురువుగారి ఇంట్లో కూడా అలాగే చేసేవారు. కాని ఆనాడు కుక్కలకు పిడుదుల మందులు పోసేవారు కారు. నేడు ఆ మందుల అవశేషాలు రోమాలకు అంటి పక్షి గూళ్ళకు చేరుతున్నాయని 2025లో ఇంగ్లండు పరిశోధకులు వెల్లడించారు. మందు వేసిన కుక్క రోమాన్ని పక్షులకు అందకుండా చేయడమే ధర్మం.

వేసవిలో మన ప్రాంతం 45 డిగ్రీల దాకా కాగుతుంది గనుక, బొచ్చు మొత్తం గొరిగించివేస్తే కుక్కకు చల్లగాను మనకు శుభ్రంగాను ఉంటుందని భావిస్తారు. రెండు పొరల కుక్కకు ఇది మేలు కాదు. కుక్క మనవలె ఒళ్ళంతా చెమర్చి చల్లబడదు, ప్రధానంగా రొప్పడం ద్వారానే వేడిని వెలిబుచ్చుతుంది. పైపొర ఎండ నేరుగా చర్మానికి తగలకుండా కాపాడుతుంది. గొరిగిన తరువాత బొచ్చు కొన్నిసార్లు సరిగా తిరిగి రాదు కూడా. లోపలి దూదిని దువ్వి తీసివేస్తే గాలి ఆడి దానంతటదే చల్లబడుతుంది.

స్నానం: ఎంత, ఎలా?

ఆరోగ్యంగా ఉన్న కుక్కకు నెలకు ఒకసారి స్నానం చాలు. ముందు దువ్వి, తరువాత నీళ్ళు పోయాలి. చిక్కు ఉన్న బొచ్చు తడిస్తే ముద్దకడుతుంది. గోరువెచ్చని నీరు, కుక్కల కొరకు తయారైన షాంపూ వాడాలి. మనం వాడే సబ్బులు, షాంపూలు మన చర్మపు ఆమ్ల స్వభావానికి తగినవి. కుక్క చర్మం అంత ఆమ్లంగా ఉండదు. వాటితో చర్మం ఎండి పొట్టు అధికమవుతుంది, రోమం మరింత ఊడుతుంది. కుంకుడు రసం మన తలలకు మంచిదే గాని, కుక్క కళ్ళలో పడితే మంట, నాకితే వాంతి. దానిని నేను సూచించను. నురుగు పూర్తిగా పోయేదాకా కడిగి, పొడి తువాలుతో తుడిచి, గాలి ఆడే నీడలో ఆరనివ్వాలి. స్నానపు గది జాలీ మీద పాత గుడ్డ పరిస్తే గొట్టం పూడదు.

వేపాకులు కాచి చల్లార్చి వడగట్టిన నీటిని చివర పోసే ఆచారం ఉన్నది. చిన్నపాటి చిరచిరకు అది హితమే. గజ్జికి అదే మందని మాత్రం నమ్మరాదు.

ఇంట్లో ఉబ్బసం ఉన్నవారుంటే స్నానం గురించి మరొక మాట. కుక్కను కడిగితే దాని మీది పడని పదార్థం తగ్గుతుంది, కాని కొద్ది రోజులలోనే మళ్ళీ పూర్వ స్థితికి వస్తుంది. తగ్గిన స్థితి నిలవాలంటే వారానికి రెండుసార్లు కడగాలని 1999లో వెలువడిన ఒక పరిశోధన తేల్చింది. అన్ని స్నానాలు కుక్క చర్మానికి భారం. కనుక పశువైద్యుని అడిగి, చర్మం ఎండని షాంపూతోనే ఆ పని చేయాలి.

పెరుగన్నం చాలదు

మన శాకాహార కుటుంబాలలో కుక్కకు రెండు పూటలా పెరుగన్నమే భోజనం. కుక్క విశ్వాసంతో తింటుంది, తోక ఊపుతుంది. మనం తృప్తి పడతాం. కాని రోమం దాదాపు పూర్తిగా మాంసకృత్తులతో తయారైనది. కుక్క తినే మాంసకృత్తులలో పెద్ద భాగం చర్మానికి, రోమానికే ఖర్చవుతుంది. అవి చాలనప్పుడు శరీరం మొదట పొదుపు చేసేది అక్కడే. రోమం కాంతి తప్పి, పెళుసై, కాలం కాని కాలంలో ఊడుతుంది. అటువంటి కుక్కకు ఎన్ని తైలాలు రాచినా వృథా. లోపల లేనిదానిని పైపూత ఇవ్వలేదు.

పది కిలోల కుక్కకు రోజుకు ఒక ఉడికించిన కోడిగుడ్డు చేర్చితే రెండు మూడు నెలలలో భేదం కనబడుతుంది. గుడ్డు ముట్టని ఇళ్ళలో మెత్తగా ఉడికించిన పప్పు, పనీరు ఇవ్వవచ్చు. అయినా శాకాహారంతోనే పెంచదలచినవారు ఒకసారి పశువైద్యునితో మాట్లాడి లోపాలను పూరించుకోవాలి. మాంసాహారులకు మన గోదావరి చేపలు ఉండనే ఉన్నాయి. ఉడికించి, ముళ్ళు పూర్తిగా తీసి, వారానికి రెండుసార్లు పెడితే చేపలోని నూనె చర్మాన్ని మృదువుగా ఉంచుతుంది. అవిసె గింజల పొడి కూడా కొంత మేలే గాని, ఆ నూనెను కుక్క శరీరం చేప నూనెతో సమానంగా వాడుకోలేదు. తాగే నీరు ఎల్లప్పుడూ అందుబాటులో ఉండాలి.

ఒక హెచ్చరిక. మన మిగులు సాంబారు, పులుసు, తాలింపు కూరలు కుక్కకు పెట్టరాదు. ఉల్లి, వెల్లుల్లి దాని రక్తకణాలను నశింపజేస్తాయి. ద్రాక్ష, ఎండుద్రాక్ష మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. చాక్లెట్ గుండెకు, నాడులకు విషం. పాయసంలోని కిస్మిస్‌ను ప్రేమతో పెట్టడం కూడా ప్రమాదమే.

ఇల్లు శుభ్రపరచు విధం

పొడి చీపురుతో ఊడిస్తే వెంట్రుక మూలకు చేరుతుంది, పొట్టు గాలిలోకి లేస్తుంది. ఉదయం ఊడ్చిన గంటకే పిల్లవాడు తుమ్మడానికి కారణం ఇదే. షాబాదు బండలైనా, టైల్స్ అయినా, ముందు కొద్దిగా తడిపిన గుడ్డతో వెంట్రుకలను ఒకవైపు కూడదీసి ఎత్తివేసి, తరువాత తడిబట్ట పెట్టాలి. సోఫాల మీద, పరుపుల మీద, తడిపి పిండిన రబ్బరు తొడుగు వేసుకొని ఒకే దిశలో రాస్తే వెంట్రుకలు ఉండలు కట్టి వచ్చేస్తాయి. కుక్క కూర్చునే చోట ఒక పాత దుప్పటి పరచి, దానిని వారానికి ఒకసారి బయట దులిపి వేడినీటిలో ఉతకాలి. మిగిలిన బట్టలతో కలిపి ఉతకరాదు. యంత్రంలో వేసే ముందు దులపకపోతే వెంట్రుకలు జాలీని మూసివేస్తాయి.

కూలరు గడ్డి మెత్తలను అందరూ మరచిపోతారు. అవి గదిలోకి వచ్చే గాలిని పీల్చి వదిలే ముక్కులు. వాటిలో చిక్కిన రోమం, ధూళి, బూజు కలిసి రాత్రంతా మంచం మీదికి వీస్తాయి. కూలరు నడిచే కాలంలో వారానికి ఒకసారి నీరు మార్చి మెత్తలు కడగాలి. పంకా రెక్కలను తడిగుడ్డతో తుడవాలి. మడి బట్టలు, పూజా వస్త్రాలు మూత ఉన్న పెట్టెలో ఉంచుకొంటే ఆచారానికీ, ఇంటి శాంతికీ భంగం కలగదు.

కుక్క వాసన పోవడానికి సాంబ్రాణి ధూపం వేయడం మన ఇళ్ళలో అలవాటు. చరకాచార్యులు శ్వాసరోగ కారణాలలో ధూళితోపాటు పొగను కూడా చేర్చిచెప్పారు. ఉబ్బసం ఉన్న ఇంట్లో సాంబ్రాణి, అగరువత్తులు, దోమల చుట్టలు అన్నీ పొగలే. వాసన పోవడానికి కిటికీలు తెరవడం, దుప్పటి ఉతకడం చాలు.

నేను చేసిన పొరపాటు

నేను వృత్తిలోకి వచ్చిన తొలి సంవత్సరాలలో, ఒక మిత్రుని కుక్క దురదతో రోమం ఊడి బాధపడుతుంటే, కొబ్బరినూనెలో కర్పూరం కరిగించి రాయమని చెప్పాను. మనుషులకు వందసార్లు ఇచ్చిన మందు అది. కుక్క దానిని నాకేసింది. గంట తిరగకముందే చొంగ కార్చి, వాంతి చేసుకొని, వణకసాగింది. రాత్రి పూట పశువైద్యుని లేపి తీసుకువెళ్ళాము. అది బ్రతికింది. దేశం, కాలం, రోగి ప్రకృతి చూడకుండా ఇచ్చిన ఔషధం విషమవుతుందని మా గురువుగారు వల్లె వేయించిన పాఠం నాకు ఆ రాత్రి నిజంగా అర్థమైంది.

గజాలకు పాలకాప్యుడు, గుర్రాలకు శాలిహోత్రుడు ప్రత్యేక శాస్త్రాలు చెప్పారంటేనే మనిషి మందు జంతువుకు సరిపోదని పెద్దలకు తెలుసునని గ్రహించాలి. కుక్క ఒంటికి పూసినది దాని కడుపులోకి పోతుందని భావించి పూయాలి. కర్పూరం, గాఢమైన వేపనూనె, టీ ట్రీ తైలం, ఫినాయిల్ కలిపిన నీరు, కిరోసిన్ వద్దు. గజ్జి కుక్కలకు బండి నుండి తీసిన పాత ఇంజన్ ఆయిల్ పూసే దురలవాటు మన పల్లెలలో ఇంకా ఉన్నది. అది వైద్యం కాదు, క్రూరత్వం.

పశువైద్యునికి చూపవలసినవి

ఒళ్ళంతా సమంగా రాలుతూ, కింద చర్మం శుభ్రంగా, కొత్త రోమం కనబడుతుంటే భయం లేదు. ఈ కింది లక్షణాలలో ఏదైనా ఉంటే గృహవైద్యం మాని పశువైద్యశాలకు తీసుకుపోవాలి:

– అక్కడక్కడ నున్నగా బట్టతల పడినట్లు మచ్చలు.
– ఎర్రదనం, చెమ్మ, దుర్వాసన, పక్కులు కట్టడం.
– నిద్రపోనివ్వనంత దురద, చెవి అంచులు, మోచేతులు గట్టిబడటం.
– గుండ్రని మచ్చలు. ఇది తామర కావచ్చు. దీనినే శాస్త్రం దద్రువు అన్నది. కుక్కనుండి పిల్లలకు అంటుతుంది.
– ఇరువైపులా సమానంగా రోమం ఊడి, కుక్క మందకొడిగా, లావుగా మారడం. ఇది లోపలి గ్రంథుల దోషం కావచ్చు.
– తిండి మానడం, చిక్కిపోవడం.

చివరగా, కుక్క ఉన్న ప్రతి ఇల్లూ పిచ్చికుక్క వ్యాధి టీకా విషయంలో నిర్లక్ష్యం చేయరాదు. సుశ్రుతాచార్యులు కల్పస్థానంలో ఈ వ్యాధిని వర్ణించి, నీటిని చూచి భయపడే దశకు చేరిన రోగి బ్రతకడని స్పష్టంగా చెప్పారు. నేటికీ ఆ మాట దాదాపు అక్షరాలా నిజం. రాలిన రోమం వల్ల ఆ వ్యాధి రాదు, కాటు వల్ల, లాలాజలం గాయానికి తగలడం వల్ల వస్తుంది. కరిస్తే గాయాన్ని సబ్బుతో పదిహేను నిమిషాలు ధారగా కడిగి, వెంటనే ఆసుపత్రిలో టీకా వేయించుకోవాలి. దీనికి ఏ ఆకుపసరూ ప్రత్యామ్నాయం కాదు. ఆయుర్వేద వైద్యుడినైన నేను ఈ మాట నొక్కి చెబుతున్నాను.

శ్వాసరోగి ఉన్న ఇల్లు

ఇక ప్రధానోపాధ్యాయుల మనుమడి సంగతి. ఆ లక్షణాలు శాస్త్రం తమకశ్వాస అన్నదానితో సరిపోయాయి. చికిత్సలో మొదటి మెట్టు నిదాన పరివర్జనం, అనగా కారణాన్ని తొలగించడం. అయితే కారణం ఏది? నేను వారి ఇంటికి వెళ్ళి చూశాను. పిల్లవాడు పడుకునే గది పక్క గదిలో కొత్తగా ఏరిన పత్తి కప్పు దాకా నింపి ఉన్నది. ఇంటి వెనుక వయ్యారిభామ మొక్కలు విరగబూసి ఉన్నాయి. రాత్రిళ్ళు దోమల చుట్ట వెలుగుతున్నది. పరుపు పాతది. ఆ పరుపు మీదే, పిల్లవాని కాళ్ళ దగ్గర, స్వీటీ పడుకుంటున్నది. ముద్దాయిలు ఐదుగురు. శిక్ష మాత్రం మాట్లాడలేని ఒక్కదానికే పడబోతున్నది.

మూడు మాటలు చెప్పాను. పట్నపు వైద్యులు ఇచ్చిన పీల్చే మందును నా మాట మీద గాని, ఎవరి మాట మీద గాని ఆపవద్దు. ఏది పడదో చర్మ పరీక్ష చేయించండి. ఇక అడవి ఆలోచన మానుకోండి. 2012 నుండి పులుల అభయారణ్యమైన కవ్వాల్ అంచున ఇంటి కుక్కను వదలడమంటే చిరుతకు ఆహారం వేయడమే, లేదా కుక్కల రోగాలను అడవి మృగాలకు పంచడమే. పెంచిన జంతువును ఆకలికి వదిలివేయడం 1960 నాటి జంతు హింసా నివారణ చట్టం ప్రకారం నేరం కూడా. స్వర్గద్వారం దగ్గర ధర్మరాజు కుక్కను విడిచిపెట్టి లోపలికి పోనన్న కథ మనం పిల్లలకు చెబుతాము. ఆ పిల్లలు మనలను చూస్తుంటారు.

పత్తి ఇల్లు దాటింది. వయ్యారిభామను పూత రాలకముందే, ముక్కుకు గుడ్డ, చేతికి తొడుగులు వేసుకొని పెద్దలే పీకారు. చుట్ట పోయి దోమతెర వచ్చింది. పరుపుకు, దిండ్లకు దగ్గర నేత గవిసెనలు తొడిగారు. స్వీటీ పడక వరండాకు మారింది. తాతగారు ప్రతి సాయంకాలం వాకిట్లో దువ్వడం మొదలుపెట్టారు. పరీక్ష ఫలితం వచ్చింది. పరుపు ధూళిలోని సూక్ష్మ కీటకాలు, కుక్క, రెండూ పడవని అందులో ఉన్నది.

మార్గశిరం నాటికి పిల్లవాడు వారంలో ఐదు రాత్రులు సుఖంగా నిద్రపోసాగాడు. కోడలు ముఖంలో భయం తగ్గింది. కాని రెండు రాత్రులు మిగిలాయి. నేను ఏమి చెబుతానోనని ఆయన ఎదురుచూశారు. కుక్కను ఉంచుకొండని చెప్పాలని నాకూ ఉన్నది. చెప్పలేకపోయాను. పిల్లవాని ఊపిరి ముందు మన ఇష్టాలు నిలవవు. అన్నీ చేసిన తరువాత కూడా బాధ మిగిలితే, పడని జీవం వేరొక మంచి ఇంటికి చేరడమే నిదాన పరివర్జనం. తేడా ఒక్కటే. ఇది విచారించి చేసిన పని, విసుగుతో చేసినది కాదు.

సంక్రాంతి వెళ్ళిన తరువాత స్వీటీ, అదే ఊళ్ళో రెండు వీధుల అవతల ఉన్న ఆయన తమ్ముని ఇంటికి మారింది. ఆ ఇంట్లో చిన్నపిల్లలు లేరు, ఉబ్బసం లేదు, పెద్ద వాకిలి ఉన్నది. పొట్టు ఇల్లు విడిచిపోవడానికి సమయం పట్టింది. చైత్రం వచ్చేసరికి పిల్లికూతలు బాగా అరుదైనాయి. పీల్చే మందు మోతాదును పట్నపు వైద్యులే స్వయంగా తగ్గించారు.

మొన్న ఫాల్గుణంలో మళ్ళీ బొచ్చు రాలే కాలం వచ్చింది. నేను ఆ వీధిన పోతుంటే తమ్ముని వాకిట్లో ప్రధానోపాధ్యాయులు కూర్చొని, ముక్కుకు కండువా చుట్టుకొని, స్వీటీని దువ్వుతున్నారు. పక్కన కాగితంలో తెల్లని రోమం పోగుపడి ఉన్నది. గోడకు ఒక ఉతికిన చొక్కా తగిలించి ఉన్నది. అది ఎందుకని అడిగాను.

"ఇంటికి పోంగనే మనుమడు ఉరికొచ్చి మెడ పట్టుకుంటడు వైద్యులుగారూ. అందుకే అంగీ ఈడనే మార్చుకొని, చేతులు ముఖం కడుక్కొని పోత" అన్నారు.

కుక్కను పెంచదలచిన గృహస్థులకు నా సలహా ఇదే. ఇంటికి తేవడానికి ముందే ఇంట్లో ఎవరికి ఉబ్బసం ఉన్నదో విచారించండి. తెచ్చిన తరువాత రోజుకు పదిహేను నిమిషాలు దానికి ఇవ్వగలరేమో ఆలోచించండి. ఆ పదిహేను నిమిషాలు లేని ఇంట రోమం నేల మీద ఉంటుంది. ఉన్న ఇంట అది దువ్వెనలో ఉంటుంది.